ఈదని పందెం

ఈమధ్య తిరుపతిలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో ఒక విద్యార్థి లేచి, "ఆటల్లో రాజకీయాలు లేనట్టే సాహిత్యంలోనూ ఉండకూడదు కదా సార్?" అని అడిగాడు. సాహిత్యం గురించిన సగానికి మన పత్రికలు ఏళ్ల తరబడి సమాధానం చెబుతూనే ఉన్నాయి. ఆటల గురించిన సగాన్ని మాత్రం మనం పరీక్షించకుండానే ఒప్పుకుంటున్నాం. అందుకే ఆ రోజు జూడిత్ డాయిచ్ గురించి చెప్పాను. ఆ మాటలే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

జూడిత్ 1918లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. ఫ్రీస్టైల్ ఈతలో ఆస్ట్రియా విజేత. 1935 ఒక్క ఏడాదిలోనే 12 జాతీయ రికార్డులు బద్దలు కొట్టింది. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఆ దేశం ఆమెను గౌరవించింది. ఆమె ఈదింది హకోవా అనే సంఘం తరఫున. హీబ్రూలో ఆ మాటకు బలం అని అర్థం. ఆర్యులకు తప్ప ఇతరులకు సభ్యత్వం లేదని అక్కడి క్రీడాసంఘాలు నియమాలు రాసుకుంటున్న కాలంలో, 1909లో, యూదులు ఆ సంఘాన్ని పెట్టుకున్నారు. స్థాపకుల్లో ఫ్రిట్స్ లోనర్ బేడా అనే రచయిత ఉన్నాడు. రంగస్థలానికి పాటలు రాసిన ఆయన్ను నాజీలు 1942లో ఆష్విట్స్‌లో పొట్టన పెట్టుకున్నారు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఆస్ట్రియా జట్టులో జూడిత్ ఎంపికైంది. జర్మనీలో యూదుల పౌరసత్వాన్ని న్యూరెంబర్గ్ చట్టాలు అంతకుముందు ఏడాదే హరించాయి. జూడిత్, రూత్ లాంగర్, లూసీ గోల్డ్నర్ ముగ్గురూ ఆ పోటీలకు వెళ్లమన్నారు. అప్పటికి జూడిత్‌కు 18 ఏళ్లు నిండలేదు. రూత్ ఇంకా చిన్నది.

వారిని శిక్షించింది హిట్లర్ కాదు. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నది 1938 మార్చిలో. అంతకు ముందే ఆస్ట్రియా ఈత సంఘం తనంత తానుగా వాళ్లను బహిష్కరించింది, వాళ్ల రికార్డులను కొట్టివేసింది. వాళ్లు దేశ క్రీడలకు నష్టం చేశారట, ఒలింపిక్ స్ఫూర్తిని అగౌరవపరిచారట! ఫాసిజం గడప దాటకముందే దానికి పీట వేసేవాళ్లు ఇలాంటి పెద్దమాటలే వాడతారు.

ఆ 1936 ఏప్రిల్‌లోనే లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. ఆగస్టులో బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. ఈ రెండూ మనకు గుర్తే. వెళ్లినవాళ్లంతా లొంగిపోయారనీ నేననను. జెస్సీ ఓవెన్స్ గెలిచిన నాలుగు స్వర్ణాలు జాతి అహంకారానికి చెంపపెట్టు. కానీ పరుగెత్తినవాడి జవాబును చరిత్ర అంకెల్లో రాసుకుంది. ఈదనివాళ్ల జవాబుకు అంకె లేదు.

ఇక నా సంగతి. చిత్తూరుకు తూర్పున ఒక పల్లె మాది. ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టి మా మామ నన్ను కపిల బాయిలోకి తోసేశాడు. అలా ఈత నేర్చాను. దళితవాడ పిల్లలు ఆ గట్టు ఎక్కేవాళ్లు కాదు, దూరంగా చింతచెట్టు కింద నిలబడి చూసేవాళ్లు. వాళ్లలో ఒకడు బడిలో నా పక్కన కూర్చునేవాడు. చెరువు నిండిన ఏడు మరవ దగ్గర వాడు ఈదడం చూశాను. నాకంటే వేగం. అయినా "మా బాయికి రారా" అని వాణ్ని ఒక్కనాడూ పిలవలేదు. అక్కడ నిషేధమని ఎవరూ పలక కట్టలేదు. కట్టాల్సిన అవసరమే లేకపోయింది.

నాజీ మారణకాండను, మన కులవ్యవస్థను ఒకే గాటన కట్టడం చరిత్రకు అన్యాయం. అయితే నీళ్లు ఎవరివన్న ప్రశ్న రెండుచోట్లా ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగితే, అగ్రవర్ణాలవాళ్లు ఆ చెరువును "శుద్ధి" చేశారు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపిన మారణకాండ, మంచినీళ్ల చెరువు దగ్గరి తగాదాతోనే మొదలైంది.

జూడిత్ 1936లోనే పాలస్తీనాకు వలస వెళ్లింది. 1995లో ఆస్ట్రియా ఆమెకు క్షమాపణ చెప్పి, రికార్డులను తిరిగి నమోదు చేసింది. ఆమె వియన్నాకు వెళ్లలేదు. వాళ్లే ఆమె దగ్గరికి వెళ్లారు. 2004లో కన్నుమూసింది. 59 ఏళ్లు ఆలస్యమైనా తిరిగి రాయడానికి అక్కడ కొట్టివేసిన పేరొకటి ఉంది. నా పక్కన కూర్చున్న స్నేహితుడి ఈతను ఎవరూ కొలవలేదు. కొట్టివేయడానికైనా ఏ పుస్తకంలోనూ వాడి పేరు లేదు.

గోష్ఠిలో ఆ విద్యార్థికి జూడిత్ కథ చెప్పాను గాని, ఈ చివరి సంగతి చెప్పలేకపోయాను. సిగ్గు అడ్డొచ్చింది. రచయితలు చరిత్ర రాసేటప్పుడు గెలిచినవాళ్ల పట్టికతో ఆగిపోకూడదు. బరిలోకి దిగనన్నవాళ్లనూ, దిగనివ్వనివాళ్లనూ వెతకాలి. గట్టుమీద నిలబడి ఊరుకున్న మనల్ని కూడా అందులో రాసుకోవాలి.