నడిచే హక్కు అడిగిన చోట

తెల్లారకముందే గాంధీనగర్ పార్కులో నడక మొదలవుతుంది. కాకినాడ ఉక్కపోత ఊరు. సముద్రం పక్కనే ఉన్నా ఎండెక్కితే ఒళ్లంతా జిడ్డే. అందుకే వీధి దీపాలు ఆరకముందే వచ్చేస్తారు జనం. ముందు రిటైరైన మాస్టార్లు, ఆ వెనక షుగరుకి డాక్టరు నడవమన్నవాళ్లు, తర్వాత పిల్లల్ని బడికి తయారు చేయాలన్న తొందరలో నాలుగు చుట్లు గబగబా చుట్టేసి వెళ్లిపోయే ఆడవాళ్లు. మోకాళ్ల నొప్పులతో ఒక్క చుట్టుకే బెంచీ వెతుక్కునే నాలాంటివాళ్లు చివర్న. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే తిరుగుతున్నాను. కాళ్లకింద ఉన్న నేల సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

1923 డిసెంబరు 28న మా ఊళ్లో భారత జాతీయ కాంగ్రెస్ 38వ మహాసభలు మొదలయ్యాయి. కొత్త సంవత్సరం వచ్చిన రోజుదాకా జరిగాయి. ఇప్పుడు గాంధీనగర్, రామారావుపేట అని మనం పిలుచుకుంటున్న మేర ఆనాటి సభాస్థలి. ఆ మేరలో ఇవాళ ఇళ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, కోచింగ్ సెంటర్లున్నాయి. టిక్కెట్టు లేకుండా, ఎవరినీ అడక్కుండా నలుగురూ వచ్చి కూర్చోగలిగిన పచ్చని జాగా మాత్రం ఈ పార్కే.

మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రైలు మార్గం మా ఊరిని తాకదు, సామర్లకోట మీదుగా పోతుంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన ప్రతినిధులు అక్కడి నుంచి బ్రాంచి లైను మీద కాకినాడ చేరాలి. వచ్చినవాళ్లందరికీ తిండి, నీళ్లు, పడక చూడాలి. ఆ బరువు ఎత్తుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు బులుసు సాంబమూర్తి గారిది. మన పాత ఉమ్మడి జిల్లా దుళ్లలో పుట్టి, కాకినాడలో వకీలుగా పేరు తెచ్చుకుని, గాంధీగారి పిలుపు విని ప్రాక్టీసు వదిలేసిన మనిషి. సభల ముందే ఆయన ఒక్కగానొక్క కొడుకు పోయాడు. ఆయన పందిళ్ల పని వదిలి ఇంట్లో కూర్చోలేదు. ఈ మాట చదివిన రోజు నేను పార్కుకి వెళ్లి నడవలేకపోయాను, బెంచీ మీద కూర్చుండిపోయాను. తర్వాతి కాలంలో ఆయన చొల్లంగిలో ఉప్పు సత్యాగ్రహం నడిపారు, మద్రాసు శాసనసభకు స్పీకరయ్యారు. ఊళ్లో సాంబమూర్తినగర్ ఉంది. అక్కడి పిల్లలకు ఆ పేరు ఒక ఆటో స్టాపు మాత్రమే.

ఆహ్వాన సంఘానికి కొండా వెంకటప్పయ్య పంతులు గారు అధ్యక్షులు, మహాసభకు మౌలానా మహమ్మద్ అలీ. పేటకు ఎవరి పేరైతే నిలిచిందో ఆ గాంధీగారు మాత్రం ఆ సభల్లో లేరు. అప్పటికి ఆయన యరవాడ జైల్లో ఉన్నారు. సభలు ముగిసిన రెండు వారాల లోపే ఆయనకు పూనాలో ఆపరేషనైంది, ఫిబ్రవరిలో విడిచిపెట్టారు. ఆయన లేని సభలోనే ఖాదీ పనికి అఖిల భారత బోర్డు ఏర్పడింది, హార్దీకర్ నడిపించిన హిందూస్తానీ సేవాదళ్ పుట్టింది. చిత్తరంజన్ దాస్ తెచ్చిన బెంగాల్ హిందూ-ముస్లిం ఒప్పందాన్ని సభ కాదంది. జవహర్‌లాల్ నెహ్రూ తనకు ఇష్టం లేకపోయినా, మహమ్మద్ అలీ మాట తీసేయలేక కాంగ్రెస్ కార్యదర్శి పదవి ఒప్పుకున్నది కూడా ఇక్కడే.

నెహ్రూ సంగతి వచ్చింది కాబట్టి దుర్గాబాయిని తలుచుకోకుండా ముందుకు పోలేను. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన పద్నాలుగేళ్ల పిల్ల. సభల పక్కన పెట్టిన ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్లను లోపలికి పంపొద్దన్నారు పెద్దలు, ఆ పిల్ల నెహ్రూను కూడా ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనిచ్చాకే ఆయన్ను పోనిచ్చింది. ఆ పిల్లే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. ఈ కథ మా ఊరివాళ్లకు చాలామందికి తెలుసు, చెప్పుకుని మురిసిపోతాం కూడా.

తెలియని కథ ఇంకొకటుంది. నాకు దానిమీదే మనసు.

ఆ సభలకు తిరువాన్కూరు నుంచి టి. కె. మాధవన్ అనే ఆయన వచ్చారు. ఈళవ కులస్థుడు, దేశాభిమాని పత్రిక సంపాదకుడు. వెంట కె. పి. కేశవమేనన్, కె. ఎం. పణిక్కర్ ఉన్నారు. వైకోం అనే ఊళ్లో శివాలయం ఉంది. గుడిలోకి రానివ్వకపోవడం అటుంచి, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో సైతం ఈళవలు, పులయలు కాలు పెట్టకూడదు. ఆవులు తిరిగే వీధి అది, కుక్కలు తిరిగే వీధి. మాధవన్ కాకినాడ దాకా వచ్చి అడిగింది ఆ వీధి గురించే. అంటరానితనం పోగొట్టే పని కాంగ్రెస్ తన పనిగా చేపట్టాలన్నారు. సభ ఒప్పుకుని తీర్మానం చేసింది. మూడు నెలలు తిరిగాయో లేదో, 1924 మార్చి 30న వైకోంలో సత్యాగ్రహం మొదలైంది.

వర్షాకాలంలో పీకల్లోతు నీళ్లలో నిలబడ్డారు అక్కడి వాలంటీర్లు. తమిళదేశం నుంచి పెరియార్ వచ్చి జైలుకెళ్లారు. 1925లో గాంధీగారు వెళ్లారు. 600 రోజులు దాటాక ఆ ఏడాది నవంబరులో మూడువైపుల వీధులు తెరిచారు. తూర్పు వీధి తెరవలేదు. గుడి తలుపులు తెరుచుకోవడానికి 1936 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. మాధవన్ 1930లోనే పోయారు, అది చూడలేదు.

ఇది తెలిసిన దగ్గర్నుంచి పార్కులో తూర్పువైపు నడుస్తున్నప్పుడల్లా నాకు ఆ మూసిన వీధి గుర్తొస్తుంది. ఒక మనిషి అన్ని వందల మైళ్లు రైళ్లు మారి ఈ ఊరికి వచ్చింది, తనవాళ్లను ఒక వీధిలో నడవనివ్వమని అడగడానికి. ఇక్కడ నేను నడిచి నడిచి విసుక్కుంటున్నాను.

నేను నడిచే ఈ నేలది ఇసుక స్వభావం. తీరప్రాంతం, పల్లపు ఊరు. గట్టి వాన కొడితే రోడ్లు కాలువలవుతాయి. అలాంటి ఊళ్లో మట్టి కనబడే చోటు ఎంత మిగిలితే అంత మంచిది. వాన నీటిని అలా తాగేస్తుంది ఇసుక. పార్కుల్లో బాగుచేత అంటే టైల్సు పరచడమనే అలవాటు ఎక్కడ చూసినా పెరిగింది. చెట్టు మొదలు చుట్టూ జానెడు మట్టి వదిలి మిగతాదంతా కప్పేస్తే వేరు ఎటు పోతుంది? నడిచే దారి కావాలి, ముసలివాళ్లకు కాలు జారకూడదు, ఒప్పుకుంటాను. కానీ గడ్డి మీద చెప్పులు విడిచి నడిచే సుఖం, వాన వెలిశాక వచ్చే ఆ మట్టి వాసన టైల్సు మీద రావు.

చెట్ల విలువ మా తరానికి ఒక్క రాత్రిలో తెలిసింది. 1996 నవంబరు 6 తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. మర్నాడు బయటికొచ్చి చూస్తే ఊరు ఊరంతా ఆకాశం ఎక్కువైపోయినట్టుంది. నీడ అన్నది లేదు. పెద్ద చెట్లు వేళ్లతో లేచి రోడ్డుకు అడ్డంగా పడున్నాయి. ఇవాళ నీడనిస్తున్న నిద్రగన్నేరు ఏది చూసినా, ఇది ఆ గాలికి తట్టుకున్నదా, ఆ తర్వాత నాటిందా అని కాండం కొలుచుకుంటుంది నా కన్ను.

సాయంత్రాల పార్కు వేరు. ఉయ్యాల దగ్గర పిల్లల వంతుల తగాదా, పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ల గైడు పుస్తకాలు, గేటు బయట పిడత కింద పప్పు, మిరపకాయ బజ్జీ. నిమ్మరసం పిండిన ఉల్లిపాయ వాసనకి పొద్దున్న తగ్గించిన బరువు సాయంత్రానికి తిరిగొస్తుంది. జగన్నాథపురం నుంచి, ఏటిమొగ నుంచి కుటుంబాలతో వచ్చేవాళ్లుంటారు. చాప పరుచుకుని టిఫిన్ క్యారేజీ విప్పుతారు. ఎవరు ఏ పేట అని అడిగేవాళ్లుండరు.

మొన్న కార్తీకమాసంలో ఒక పొద్దున్న, నేనూ మరో మాస్టారూ ఎప్పటి బెంచీ మీదే కూర్చున్నాం. ఊడ్చే ఆవిడ ఈనెల చీపురుతో ఆ మూల నుంచి ఈ మూలకు ఆకులన్నీ కుప్ప పోసి, చెయ్యి కడుక్కుని, పొట్లం పట్టుకుని మా ముందు నిలబడింది. మిగతా బెంచీలు మంచుకి తడిసి ఉన్నాయి.

“కాస్త జరగండి మాస్టారూ, ఇడ్లీ తినేసి పోతాను.”

“ఆయ్, కూర్చోమ్మా” అని మాస్టారు నా వైపుకి జరిగారు. ఆవిడ పొట్లం విప్పి, చట్నీ ఒలక్కుండా ఆకుని ఒళ్లో సర్దుకుని, మధ్యలో అడిగింది: “రోజూ ఇక్కడే కూర్చుంటారు కదా, ఏం మాట్టాడుకుంటారండీ?”

నేను మాధవన్ కథ మొదలుపెట్టాను. ఇడ్లీ అయిపోయినా ఆవిడ లేవలేదు.