బడిపంతులు నేర్పిన బంతాట

ఆటలో ఆరితేరినవారిని చూచి విద్యార్థులు నేర్చుకొనేది ఏమిటి? తరచుగా వారి విన్యాసాలను మాత్రమే. ప్రేక్షకుల చప్పట్లు పొందిన చేష్టను మరునాడు వీధిలో ప్రతి కుర్రవాడూ అనుకరిస్తాడు; దాని వెనుక ఉన్న అభ్యాసం వాని కంటబడదు. ఈ చిక్కును గ్రహించి విరుగుడు కనిపెట్టిన ఉపాధ్యాయుడొకరు హైదరాబాదులో ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడి, పిమ్మట నగరంలోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసినారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ సంవత్సరం మొదలు 1954 వరకు, వరుసగా ఐదు పర్యాయాలు, ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును మరొకరికి దక్కనీయలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లాయక్ మొదలైనవారు ఆ జట్టులోనివారే.

అయినా రహీంగారి ప్రతిభ కప్పులలో కంటె, ఆయన యువకులకు ఏర్పాటు చేసిన పోటీలలోనే ఎక్కువగా కనబడుతుందని నా అభిప్రాయం. ఆ రోజులలో మనవారికి బంతిని కాలి దగ్గరే నిలుపుకొని ఒకరి తరువాత ఒకరిని తప్పించుకొనిపోయే ఆటగాడంటే అమితమైన మోజు. రహీంగారు ఆ తప్పించుకొనిపోవడాన్నే నిషేధించి ఒక పోటీ పెట్టినారు. బంతి అందినవాడు దానిని వెంటనే తోటివానికి అందించవలసినదే. అందించాలంటే తోటివాడు ఎక్కడ ఉన్నాడో ముందే చూచుకొని ఉండవలెను గదా! మరియొక పోటీలో వాటంలేని కాలితో మాత్రమే ఆడవలెను. కుడికాలివాటం గలవాడు ఎడమప్రక్కన బంతి దొరికినప్పుడు, దానిని కుడికాలికి మార్చుకొనేందుకు ఒళ్ళంతా త్రిప్పుతాడు. ఆ క్షణంలోనే ప్రత్యర్థి మీదికి వస్తాడు. రెండు కాళ్ళూ సమంగా పనిచేస్తే ఆ క్షణం మిగులుతుంది. ఎత్తును బట్టి జట్లు కట్టించిన పోటీలు కూడ ఉండేవి. పొట్టి పిల్లవానిని దేహబలంతో త్రోసివేయడానికి వాటిలో వీలులేదు. వీటికి ఖర్చేమున్నది? ఒక బంతి, కొంత ఖాళీ స్థలం, ఈల ఊదే పంతులు.

నేర్పడమే కాదు, నేర్చుకోవడమూ ఆయనకు తెలుసు. 1952 హెల్సింకి ఒలింపిక్ పోటీలలో యుగోస్లావియా మన జట్టును 10-1 తేడాతో ఓడించినది. మనవారిలో చాలమంది ఒట్టికాళ్ళతో ఆడిన రోజులవి. ఆ పరాభవానంతరం మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయినవి. ఆ పోటీలలోనే స్వర్ణపతకం గెలిచిన హంగరీవారి ఆటను రహీంగారు విద్యార్థివలె పరిశీలించి, సెంటర్ ఫార్వర్డు కొంత వెనుకకు వచ్చి ఆడే వారి పద్ధతిని మన జట్టులో ప్రవేశపెట్టినారు. 1956లో మెల్‌బోర్న్‌లో భారతదేశం ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి, నాలుగవ స్థానం పొందినది.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం అనే యువకుడు ఉన్నాడు. సికిందరాబాదు ప్రక్కన అమ్ముగూడలో పేదకుటుంబంలో పెరిగినవాడు. అంత దూరంనుండి అభ్యాసానికి రావడానికి అతనివద్ద డబ్బు లేకపోతే, సైకిలు అద్దె రహీంగారే ఇచ్చినారు. 1960 రోము ఒలింపిక్ పోటీలలో ఆ బలరామే హంగరీపైన ఒక గోలు, పెరూపైన ఒక గోలు చేసినాడు. ఆ సైకిలు అద్దె ఎంతయినా, మన క్రీడాచరిత్రలో అంతకంటె సద్వినియోగమైన సొమ్ము అరుదు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలనాటికి రహీంగారిని క్యాన్సరు పట్టి పీడిస్తున్నది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిపోయినాము. తలకు కుట్లు పడిన డిఫెండరు జర్నెయిల్ సింగును రహీంగారు ముందు వరుసకు పంపినారు. సెప్టెంబరు 4న ఫైనలులో మళ్ళీ అదే కొరియా ఎదురైనది. మొదటి గోలు పి.కె. బెనర్జీ చేసినాడు, రెండవది జర్నెయిల్ సింగు. మనకు 2-1 తేడాతో స్వర్ణపతకం లభించినది.

1963 జూన్ 11న రహీంగారు కన్నుమూసినారు. హైదరాబాదు ఫుట్‌బాలు ఆ వైభవానికి మళ్ళీ చేరుకోలేదు. బెనర్జీ మాత్రం ఆట విరమించిన తరువాత శిక్షకులై, 1990వ దశకంలో జంషెడ్‌పూరులోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో, బలరాం సైకిలు తొక్కుకొని వచ్చిననాటి వయస్సు గల కుర్రవాండ్రకు ఆట నేర్పినారు.