స్పోకు సన్నబడ్డ కథ

బొమ్మ సైనికుడు పాతవాడే. 18వ శతాబ్దంలోనే నూరెంబర్గ్ పనివాళ్లు రేకులాంటి పల్చటి తగరపు సైనికుల్ని పోత పోసి అమ్మేవారు. 1893లో ఇంగ్లండ్‌కు చెందిన బ్రిటన్స్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మల్ని తెచ్చాక సరుకు తేలికైంది, ధర దిగింది. కొన్నవాడికి వాటిని వరసగా నిలబెట్టడం తప్ప వేరే పనుండేది కాదు. కిట్‌గా వచ్చే ప్లాస్టిక్ ముక్కల్ని కొనుక్కుని, సొంతంగా అతికించి, రంగులు వేసుకునే సరదా జనంలో పాకింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం తరవాతే.

ఆ సరదాలో సైనిక మోటార్‌సైకిల్‌కు చోటు దొరకడం వెనక ఒక బ్యాటరీ కథ ఉంది. జపాన్‌లోని షిజుఓకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా కర్ర బొమ్మల మీదుగా 1960లో ప్లాస్టిక్‌కు మారింది. తొలి కిట్ యమాతో యుద్ధనౌక నష్టాలే మిగిల్చింది. ఆ తరవాత మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టేలా కొలత పెట్టారు. తీరా లెక్క చూస్తే అది అసలు ట్యాంకులో 35వ వంతు. అలా కుదిరిన కొలతే ఇవాళ ప్రపంచమంతా సైనిక బొమ్మలకు వాడుతున్న ప్రమాణం! 1968లో తమియా మొదలుపెట్టిన సైనిక బొమ్మల వరసలో 1970ల మొదట్లో జర్మన్ బీఎండబ్ల్యూ ఆర్75 సైడ్‌కార్ బండి వచ్చింది.

అసలు బండి చాలా గట్టిది. 745 సీసీ ఇంజను, 26 గుర్రాల శక్తి, సైడ్‌కార్ చక్రాన్ని కూడా తిప్పే ఏర్పాటు, రివర్స్ గేరు. పొడవు 2.4 మీటర్లు. కిట్‌లో అది ఏడు సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఇంజను, పెట్రోలు ట్యాంకు, మెషిన్‌గన్ అన్నీ అచ్చుకు లొంగుతాయి. లొంగనిది స్పోకు. నాలుగు మిల్లీమీటర్లైనా లేని కమ్మీ 35వ వంతుకు దిగితే మిల్లీమీటరులో పదో వంతు, అంటే వెంట్రుక మందం. ఉక్కు అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ను తోస్తే అంత సన్నటి సందులో అది నిండదు. అర మిల్లీమీటరుకు సర్దుకుంటే, అసలు బండి మీద బొటనవేలంత కడ్డీలు బిగించినట్టే.

ఈ చిక్కును ఇటలీ కంపెనీ ఎస్కీ 1970లలో మరోలా దాటింది. బండినే పెంచి తొమ్మిదో వంతు కొలతలో ఆర్75, జుండాప్, హార్లే, ట్రయంఫ్ బళ్లను తెచ్చింది. పాతిక సెంటీమీటర్లు దాటిన బొమ్మలో స్పోకు స్పోకులాగే కనిపిస్తుంది. ఆ కంపెనీ మూతపడ్డాక అచ్చులు ఇటలేరీ అనే మరో కంపెనీకి చేరాయి. చిన్న కొలతవాళ్లకు పరిష్కారం యాసిడ్‌తో దొరికింది. పల్చటి ఇత్తడి రేకు మీద స్పోకుల్ని మాత్రం కాపాడి, మిగతాది యాసిడ్‌తో తినిపిస్తారు. అయితే అసలు చక్రంలో స్పోకులు ఇరుసు దగ్గర ఎడంగా ఉండి రిమ్ము వైపు దగ్గరవుతాయి. అందుకని బల్లపరుపు రేకును చిన్న దిమ్మ మీద నొక్కి గిన్నెలా వంచి, అలాంటివి రెండు ఎదురెదురుగా అతికించాలి. పట్టకారు జారిందా, చక్రం వంకరే.

ఇంత శ్రద్ధా ఎవరి బండి మీద? యుద్ధంలో ఆర్75లు తయారైనవి 16,500 చిల్లర. బ్రిటిష్ సైన్యం కోసం చేసిన బీఎస్ఏ ఎం20లు 1,26,000. అయినా తమియా నుంచి ఎం20 రావడానికి 2010 దాటాల్సొచ్చింది. సైడ్‌కార్ మీద మెషిన్‌గన్ ఉన్న బండి పెట్టె మీద బొమ్మగా అదిరిపోతుంది. ఉత్తరాలు మోసే ఒంటరి బండికి ఆ ఆకర్షణ లేదు. చరిత్ర పాఠంగా ఈ కిట్ల వరసను చదివితే తప్పుదోవే పడతాం.

ఇక బండి మీది మనుషుల సంగతి. 2001లో ఉక్రెయిన్‌లో పుట్టిన మినీఆర్ట్, అదే దేశపు మాస్టర్ బాక్స్ మనుషుల మీద దృష్టి పెట్టాయి. వాళ్ల పెట్టెల్లో బండి నడిపేవాడే కాదు, చెడిపోయిన బండిని బాగుచేసే సైనికులూ ఉంటారు. ఇప్పుడు తమియా నిజమైన మనుషుల్ని కంప్యూటర్‌లోకి స్కాన్ చేసి, అచ్చులు తీస్తోంది. కోటు మడతలు నిజంగా గుడ్డలాగే పడుతున్నాయి. కానీ కాళ్లు, మొండెం, చేతులు విడివిడిగా వచ్చే అయిదు సెంటీమీటర్ల మనిషిని సీటు మీద కూర్చోబెడితే రెండు చేతులూ ఒకేసారి హ్యాండిల్‌కు అందడం ఇంకా అరుదే. మణికట్టు దగ్గర కోసి, తిప్పి అతికించాల్సిందే.