కొండపల్లె కొలిమి

ఫ్రాన్సు దేశపు దక్షిణ సరిహద్దున పిరనీస్ పర్వతాలున్నాయి. పచ్చిక బయళ్లు, పశువుల మందలు ఉన్న ఆ కొండల నడుమ సెంట్ మారీ ద కాంపాన్ అనే చిన్న పల్లె ఉంది. 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి 'టూర్ ద ఫ్రాన్స్' అనే సైకిలు పందెం మొదలుపెట్టింది. 1910లో ఆ పందెం ఈ ఎత్తయిన కనుమలకూ ఎక్కింది.

1913లో గెలుపు ఆశతో ఉన్న యూజీన్ క్రిస్టోఫ్ 2,115 మీటర్ల తూర్మలే కనుమ దాటి దిగుతుండగా, ఆయన సైకిలు ముందు ఫోర్కు విరిగింది. పరుల సాయం పొందరాదని నియమం. సైకిలు భుజాన వేసుకుని, మైళ్ల కొద్దీ నడిచి, పల్లెలోని కొలిమి చేరాడు. పందెం అధికారులు కళ్లప్పగించి చూస్తుండగా, తానే ఇనుము కాల్చి, సమ్మెటతో కొట్టి అతుకు వేసుకున్నాడు. కొలిమితిత్తి ఊదింది మాత్రం ఒక కుర్రవాడు. అందుకూ సమయంలో కోత పడింది! గంటల తరబడి వెనకబడినా ఆయన పందెం విడవలేదు. చివరకు ఏడో స్థానంలో నిలిచాడు.

ఆ ఏడు గెలిచినవాడు బెల్జియం వీరుడు ఫిలిప్ టీస్. కాని ఆ పల్లెలో స్మారక ఫలకం వెలసింది ఓడిన క్రిస్టోఫ్ పేరిట. మీ పిల్లలకు ర్యాంకుల సంగతి చెప్పేటప్పుడు, ఈ కొలిమి సంగతి కూడా చెప్పండి.