సొంతంగా కంపైల్ చేసుకున్న తాళం

హైదరాబాద్‌లో హబ్సిగూడ దారిలో ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ, తార్నాక దాటితే ఉస్మానియా. ఇన్ని పరిశోధన, విద్యాసంస్థలున్నా 1990లలో అమెరికా చట్టానికి ఈ నగరం పరదేశమే. గట్టి ఎన్‌క్రిప్షన్ ఆయుధాల జాబితాలో ఉండేది. బయటిదేశాలకిచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో తాళంచెవి 40 బిట్లే. 1995లో ఫ్రాన్స్‌లో ఒక పరిశోధకుడు దాన్ని 8 రోజుల్లో ఛేదించాడు. కాబట్టి యూనిక్స్‌పై సోర్సు తెచ్చుకుని కంపైల్ చేసే అలవాటు వెనుక పొదుపు కన్నా స్వేచ్ఛే పెద్ద కారణమని నా వాదన. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ ఆస్ట్రేలియాలో రాసిన ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఎస్ఎస్ఎల్ఈఏవై ఆ చట్టానికి చిక్కలేదు. 1998లో దాన్నుంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వచ్చింది. దాన్ని కంపైల్ చేసుకునే మెట్లు నాలుగు: కాన్ఫిగ్, మేక్, మేక్ టెస్ట్, మేక్ ఇన్‌స్టాల్. (మూడోది ఎగ్గొట్టకూడదు.)

అందరి కళ్లముందున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌లోనే హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం రెండేళ్లు దాగిందిగా అంటారు. నిజమే, మేక్ టెస్ట్ పరీక్షలూ దాన్ని పట్టలేదు. అయితే 2014 ఏప్రిల్‌లో కొత్త వెర్షన్ ఎక్కించలేనివాళ్లు ఆ లోపమున్న హార్ట్‌బీట్ భాగాన్ని తీసేసి తిరిగి కంపైల్ చేసుకోగలిగారు.