బందీఖానా తాడు పడకగదికి ఎలా వచ్చింది

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన 1855లోనే మద్రాసులో ఒక నివేదిక వెలువడింది. శిస్తు వసూలు పేరిట రైతులను ఎలా హింసిస్తున్నారో తేల్చడానికి కంపెనీ ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల సంఘం ఇచ్చిన నివేదిక అది. మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధానిలోవే. ఆ రాజధానిలో విరివిగా వాడిన శిక్షల్లో ఒకటి ఇలా ఉండేది: మనిషిని ముందుకు వంచి, తాడో, అతని ఒంటిమీది గుడ్డో మెడ మీదుగా వేసి, కాలివేళ్ల కిందనుంచి లాగి కట్టేవారు. బాకీ కడతానని ఒప్పుకునేదాకా ఎండలో అలాగే ఉండాలి. ఈ హింసల మీద 1857లో కార్ల్ మార్క్స్ ఒక న్యూయార్క్ పత్రికలో వ్యాసమే రాశాడు.

దాదాపు ఇలాంటి భంగిమే జపాన్ చెరసాలల్లోనూ ఉండేది. దాన్ని ‘ఎబిజెమె’ అనేవారు, అంటే రొయ్య శిక్ష. రొయ్యల చెరువుల మధ్య బతికే డెల్టా వాళ్లకు ఆ పేరు విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్ద తేడా ఒక్కటే. మన దగ్గర అది చట్టం చాటున సాగిన దౌర్జన్యం, అక్కడ చట్టమే. తొకుగావా ప్రభువుల కాలంలో నేరస్తుడు తన నోటితో ఒప్పుకుంటేనే పెద్ద శిక్ష వేయాలి. అందుకే ఒప్పించడానికి కొరడా, తొడల మీద బండరాళ్లు, రొయ్య కట్టు, చివరగా చేతులు వెనక్కి విరిచి వేలాడదీయడం. ఈ హింసలకు జపాన్ 1879లో చట్టపరంగా స్వస్తి పలికింది.

నేడు లోకమంతటా ‘షిబారి’, ‘కిన్బాకు’ అనే పేర్లతో వినపడే శృంగార బంధనానికి పుట్టిల్లు ఈ జపాన్ చెరసాలే. మొదటి మాటకు కట్టడమని, రెండోదానికి బిగించి కట్టడమని అర్థం. ఇదేదో వేల ఏళ్ల ప్రాచ్య రహస్య విద్య అని అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకండి. శృంగారంగా దాని వయసు నూరేళ్లకు కాస్త పైమాటే.

దాని తాతగారైన ‘హొజోజుత్సు’ మాత్రం పాతది. ఖైదీలను కట్టే విద్య అది. సమురాయిలు, వాళ్ల కింది పోలీసు బంట్లు గురువుల దగ్గర నేర్చుకునేవారు. దొంగను పట్టిన క్షణంలో చుట్టే సన్నటి తాడు వేరు, తర్వాత నింపాదిగా కట్టే తాడు వేరు. ఖైదీ కులాన్ని, హోదాను, నేరాన్ని బట్టి కట్టు మారేది. ఖైదీ తప్పించుకోకూడదు, గాయపడకూడదు, కట్టు గుట్టు చూసేవాళ్లకు తెలియకూడదు, చూడటానికి అందంగానూ ఉండాలి. నేరం ఇంకా రుజువు కానివాడికి ముడి పడితే పరువు తక్కువ కాబట్టి, ముడి వేయకుండా చుట్లతోనే బిగించి కొస చేత్తో పట్టుకునేవారు. టోక్యోలోని మెయిజీ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఆనాటి అరెస్టు పనిముట్లు ఇప్పటికీ చూడొచ్చు.

చెరసాలకూ పడకగదికీ మధ్య మజిలీ నాటకశాల. 1757లో ఒసాకాలో మొదట బొమ్మలాటగా వచ్చి, తర్వాత కబుకి వేదికెక్కిన ఒక నాటకంలో ‘కిన్కకుజి’ ఘట్టం ఉంది. యుకిహిమె మహాచిత్రకారుడు సెష్షు మనవరాలు. దుర్మార్గుడైన దైజెన్ ఆమెను చెర్రీ చెట్టుకు కట్టిస్తాడు. చేతులు కదలవు. చెట్టు మీదనుంచి పూరేకులు జలజలా రాలుతుంటాయి. ఆమె పాదంతో ఆ రేకులను పోగుచేసి, కాలి బొటనవేలితో ఎలుక బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మకు ప్రాణం వచ్చి, ఎలుకలు తాళ్లు కొరికేస్తాయి. ఈ ఘట్టంలో ప్రేక్షకుడు చూసేది ముడిని కాదు, కట్టుబడిన మనిషి ప్రతి కదలికనూ. చెరలో ఉన్న ఒంటికి తాడు అందం తెస్తుందన్న ఊహ జనం కళ్లలో నాటుకున్నది ఇలాంటి దృశ్యాలతోనే.

ఆ ఊహను కోరికగా మార్చి బాహాటంగా చెప్పినవాడు ఇతో సెయు (1882–1961). పత్రికలకు బొమ్మలు వేసేవాడు, నాటకాలకు తెరలు చిత్రించేవాడు. పాత శిక్షల గ్రంథాలు తిరగేసి, ఆ కట్లను ఆడవాళ్ల మీద వేసి చిత్రించాడు, ఫోటోలు తీశాడు. నిండు గర్భిణి అయిన భార్యను తలకిందులుగా వేలాడదీసి, చిత్రకారుడు యొషితోషి 1885లో వేసిన ఒక భయానక చిత్రాన్ని అనుకరించాడు. ఆయన్ని ఈ కళకు పితామహుడంటారు. అనండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ భార్య ఆ రోజు గురించి తన మాటల్లో ఏమనేదో వినాలని నాకు ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇదంతా అచ్చుబాట పట్టింది. 1947లో మొదలైన ‘కితాన్ క్లబ్’ అనే చౌక పత్రిక కొన్నేళ్లకే బంధన చిత్రాలకు, కథలకు అడ్డా అయింది. సుమా తొషియుకి అందులో ఆడపేరుతో బొమ్మలు వేసేవాడు. దాన్ ఒనిరొకు రాసిన ‘పువ్వు–పాము’ అందులోనే సీరియల్‌గా వచ్చి, 1974లో నిక్కత్సు సంస్థ చేతుల్లో సినిమా అయింది. 1985లో ఈ కట్లలో ఆరితేరిన నురెకి చిముఓ అభిమానుల కోసం ఒక సంఘమే పెట్టాడు. 1990ల నుంచి పాశ్చాత్య దేశాలు దీన్ని అందిపుచ్చుకుని తరగతులు, ప్రదర్శనలు మొదలెట్టాయి.

వాడే తాడు సామాన్యమైనదే. సుమారు ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడవున్న జనపనార తాడు. ఏలూరు జూట్ మిల్లులో గోనెసంచులుగా మారిన నారే. మంట మీద నూగు కాల్చి, నూనె రాసి మెత్తబరుస్తారు. రెండు పేటలుగా మడిచి, మడత దగ్గరనుంచి మొదలెడతారు. ముడులు తక్కువ, చుట్లూ ఒరిపిడీ ఎక్కువ. చేతులు వెనక్కి పెట్టి ఛాతీ చుట్టూ వేసే ప్రధానమైన కట్టు పాత అరెస్టు కట్టుకు వారసురాలే.

మన సాహిత్యంలో ఇలాంటిది లేదా అంటే, ఉంది, అయితే తిరగేసి. కుమారసంభవంలో మన్మథుడు బూడిదయ్యాక రతీదేవి విలపిస్తూ, వేరే ఆడదాని పేరు నోరుజారినప్పుడు మొలనూలుతో నిన్ను కట్టేసిన సంగతి గుర్తుందా అని అడుగుతుంది. అమరుక కావ్యంలో ఒక నాయిక తప్పు చేసిన ప్రియుణ్ణి తన చేతులనే పాశంగా చేసి బంధించి, చెలుల ముందునుంచే ఇంట్లోకి లాక్కుపోతుంది. అతగాడు నవ్వుతుంటాడు. ఈ అమరుకానికి ‘శృంగారదీపిక’ అనే వ్యాఖ్య రాసింది పదిహేనో శతాబ్దపు కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి, మన కృష్ణ ఆవలి గట్టువాడే. ఇక్కడ కట్టేది స్త్రీ, కట్టుబడేవాడికి అది ఇష్టం. జపాన్ బొమ్మల్లో మగవాడు కడతాడు, స్త్రీ కట్టుబడుతుంది, ఆమె ఇష్టాన్ని చాలాకాలం ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న 2018లో గట్టిగా వినపడింది. తాళ్లతో కట్టిన స్త్రీల ఫోటోలతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన అరాకి నొబుయోషి దగ్గర ఏళ్లపాటు మోడల్‌గా ఉన్న కఓరి, తనకు ఒప్పందపత్రం లేదని, ఫోటోల వాడకం మీద తన మాట చెల్లలేదని బహిరంగంగా రాసింది. నన్నడిగితే ఈ విద్య చరిత్రలో ఇతో సెయు ఫోటోలకన్నా ఆ రాత ముఖ్యమైనది. బందీఖానా తాడుకూ ప్రేమికుల తాడుకూ నారలో, ముడిలో పెద్ద తేడా లేదు. విప్పమనే హక్కు కట్టుబడినవాళ్లకు ఉందా లేదా అన్నదే తేడా.

బందీల విషయానికొస్తే, మన సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో, సంకెళ్లు వేయడం అలవాటు కాకూడదని, అది అమానుషమని చెప్పింది. 1995లో గువాహటి ఆసుపత్రిలో నిర్బంధితులను సంకెళ్లేసి తాళ్లతో మంచాలకు కట్టడాన్ని తప్పుబట్టింది. ఇష్టం లేనివాళ్లను కట్టేయడం భారతీయ న్యాయ సంహితలో అక్రమ నిర్బంధం. పెళ్లయిందనో, ప్రేమించుకున్నామనో అది మాఫీ కాదు.

ఇక కుతూహలం కొద్దీ ప్రయత్నించే పెద్దవాళ్లకు ఒక మాట. వీడియో చూసి వేలాడదీయడానికి పూనుకోకండి. మెడకు తాడు వద్దు. మోచేతికి పైన, జబ్బ బయటివైపు బిగిస్తే నరం నొక్కుకుపోయి మణికట్టు వాలిపోతుంది, తేరుకోవడానికి నెలలు పట్టవచ్చు. కట్టినవాళ్లను ఒంటరిగా వదలకండి, కత్తెర చేతికందేలా పెట్టుకోండి. వేళ్లు తిమ్మిరెక్కాయని అన్నారంటే కారణాలడక్కుండా తాడు కోసెయ్యండి.