నాజీ ప్రచారమునందలి శబ్దవిపర్యాసము

జర్మనీదేశమున హిట్లరు ప్రధానియైనది 1933 జనవరి 30వ తేది. ఆఱువారములకే, మార్చి 13వ తేదిని, ప్రచారమంత్రిత్వశాఖ యేర్పడెను. దాని కధిపతియైన గోబెల్సు భాషాసాహిత్యములను జదివి హైడెల్బర్గు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందినవాఁడు. పాండిత్యము సద్బుద్ధిని గలిగించితీరు ననుకొనువారికి నితఁ డొక్కఁడే సమాధానము.

ఆ శాఖవారి యూరేగింపులు, ధ్వజములు, చలనచిత్రములు నెల్ల రెఱిఁగినవే. 76 మార్కుల వెలకు నింటింటికిఁ జేర్పఁబూనిన ప్రజారేడియోకుఁ బెట్టిన 301 అను సంఖ్య సైతము జనవరి 30వ తేదిని సూచించునదే. అంతకంటె లోఁతైనది శబ్దములపై వారు వహించిన యధికారము. బెర్లినునఁ బ్రతిదినము పత్రికల ప్రతినిధులను సమావేశపఱచి, ఏ వార్త నెట్లు వ్రాయవలెనో, ఏ మాట వాడవలెనో, ఏది విడువవలెనో యాజ్ఞాపించుచుండిరి. 'ప్రచారము' అను మాటకే 1937లో నొక నియమ మేర్పడెను. అది తమ కార్యమునకే చెల్లునఁట. శత్రువులు చేయునది 'రెచ్చఁగొట్టుట' యనవలెనఁట.

నాయకుని కీర్తిని జనుల నోటఁ బలికించిన విధము మఱింత చిత్రము. జర్మనులు కలిసికొన్నపుడు 'శుభదినము' అని యెదుటివానికి మేలు కోరుట వాడుక. దాని స్థానమున 'హైల్ హిట్లర్' అను పలుకు వచ్చెను. 1933 జూలైలో నుద్యోగులకు విధి యయ్యెను. 'హైల్' అనఁగా క్షేమము, స్వస్తిశబ్దమువంటిది. స్వస్తియోగమునఁ జతుర్థి నెఱిఁగిన వ్యాకర్తలు ఆ క్షేమ మిచట నెవ్వరికిఁ జెందినదో గమనింపవలెను. పలికినవానికిఁ గాదు, వినినవానికిఁ గాదు, ఎచటనో యున్న మూఁడవవానికి. ఇట్లు అంగడివాఁడును, బడిపిల్లవాఁడును దినమునకుఁ బలుమాఱులు వేతనము లేని ప్రచారకు లైరి. 1934 ఆగష్టు 2వ తేదిని అధ్యక్షుఁడు హిండెన్బర్గు మరణింపఁగా, సైనికులు శపథము చేసినది రాజ్యాంగమునకుఁ గాదు, హిట్లరునకే, పేరు పేర్కొని.

నిందార్థకములు స్తుత్యర్థకము లగుటయుఁ గలదు. 'ఫనాటిష్' అను పదము లాటినులోని దేవాలయవాచకమునుండి పుట్టి, మతావేశమున వివేకము గోల్పోయినవానిని నిందించుటకు రూఢమైనది. నాజీల వ్రాఁతలలో నదియే శౌర్యమునకును భక్తికిని విశేషణ మయ్యెను.

సంస్కృతజ్ఞులకు మిక్కిలి బాధ కలిగించునది ఆర్యశబ్దపు గతి. అమరసింహుఁడు దానిని సజ్జన సాధు శబ్దములతోఁ జేర్చి చెప్పెను. అది శీలమును దెలుపు మాట. పందొమ్మిదవ శతాబ్ది ఐరోపాపండితులు దాని నొక భాషాకుటుంబమునకుఁ బేరుగా గ్రహించిరి. అది భాషకే గాని రక్తమునకుఁ జెందదని మాక్సుమూలరు 1888లోనే హెచ్చరించెను. ఆ హెచ్చరికను లెక్కసేయక, 1933 ఏప్రిల్ 7వ తేదిని 'ఆర్యులు కానివారిని' ప్రభుత్వోద్యోగములనుండి తొలఁగించు శాసనము వెలువడెను. తాత యవ్వలలో నొక్కరు యూదు లైనను జాలు, ఆతఁ డనార్యుఁడే.

డ్రెస్డెను నగరమున ఫ్రెంచి మొదలగు భాషలకు నాచార్యుఁడైన విక్టర్ క్లెంపెరరు యూదుల యింటఁ బుట్టి క్రైస్తవమును గైకొన్నవాఁడు. మొదటి యుద్ధమున సేవచేసిన వాఁడగుటచేఁ గొంతకాలము నిలిచి, 1935లోఁ బదవి గోల్పోయెను. గ్రంథాలయములును మూసికొనఁగా, చుట్టును వినవచ్చు మాటలనే గ్రంథముగాఁ జేసికొని, ఏ శబ్ద మెన్నఁడు మాఱినదో దినచర్యలో వ్రాసికొనెను. 1939 జనవరినుండి శాసనానుసారముగాఁ దన సంతకమునందు 'ఇజ్రాయెల్' అను పేరు చేర్పవలసి వచ్చెను. ఆ కాగితములు దొరకిన మరణమే. యూదురాలు గాని భార్య ఈవా వానిని పిర్నా యను నూరి కొనిపోయి, వైద్యురాలైన యొక స్నేహితురాలి యింట దాఁచుచుండెను. వాని యాధారమున నతఁడు వ్రాసిన 'లింగ్వా తెర్తీ ఇంపెరీ' 1947లో వెలువడెను. దినచర్య యచ్చుపడునప్పటికి 1995వ సంవత్సరము. అతఁడు 1960లోనే మరణించి యుండెను.